కరెంటు పోతే మాటలొచ్చేవి

మా ఆఫీసు కింద కిరాణం నడిపే సేటు ఎండాకాలం మొదట్లో ఒకసారి తన దుకాణం షట్టరుకు నూనె పెడతడు. ఆ నూనె వాసన మెల్లగ మెట్లెక్కి పైకి వచ్చి నా కంప్యూటరు పక్కన కూచుంటది. ఇగ ఆ పూట నాకు కరీంనగర్ ఉండదు, ఆఫీసు ఉండదు; సిరిసిల్లలో సాంచల షెడ్డుకు ఆనుకొని ఉన్న మా రెండర్రల ఇల్లు ఉంటది, గంజి పట్టిన నూలు వాసన ఉంటది, అవ్వ చీరకొంగుకు అంటుకున్న దూది పీచు ఉంటది. మరమగ్గాన్ని మా దిక్కు సాంచ అంటరు, అమ్మను అవ్వ అంటరు, నాయనను బాపు అంటరు. ఈ వాసన వచ్చినప్పుడల్లా ఒక మహాకావ్యం రాయాలని నాకు మనసైతది. చెవులు వినిపించని ఒక పసివాడు, వాని కోసం లోకాన్ని ఎదిరించిన ఒక తల్లి, గుండె రాయి చేసుకున్న ఒక తండ్రి, పర్వానికొక యుద్ధం, చివరి పర్వంలో చదివేటోళ్ల కండ్లల్ల నీళ్లు. రాద్దామని కూచున్నంక తెలిసిందేమంటే, ఆ పసివాణ్ని నేనే, యుద్ధం జరిగింది ఒక చిన్న బడిలో హెడ్‌సారు గదిలో, అది కూడా ఆయన ముందటి చాయ్ చల్లారకముందే అయిపోయింది. కాబట్టి కావ్యం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్త.

మా ఇంటి వెనుక గోడ, షెడ్డు ముందట గోడ ఒకటే. పొద్దున టకటకమని మొదలైతే రాత్రి దాక ఆగేది కాదు. ఆ టకటక నాకు చెవుల కంటె ముందు కాళ్లకు తెలిసింది. నేల అదురుతుండేది, బిందెలో నీళ్లు వలయాలు వలయాలుగా తిరుగుతుండేవి, అటక మీది స్టీలు గిన్నెలు సాయంత్రానికి తమంత తామే అంచు దాక నడిచి వచ్చేవి, నాయనమ్మ వాటిని మళ్ల వెనక్కి నెట్టేది. బాపు షెడ్డులో సాంచలు నడిపేటోడు. అవ్వ అదే షెడ్డు మూలకు కూచొని కండెలు చుట్టేది. సాంచలో అటు ఇటు ఉరికే నాడెలో పెట్టే నూలు గొట్టాన్ని కండె అంటరు. ఆ చప్పుడులో నోటితో మాట్లాడటం అంటే ఊపిరి దండుగ చేసుకోవడమే. అందుకని అందరూ చేతులతో మాట్లాడేటోళ్లు. రెండు పిడికిళ్లు దగ్గర పెట్టి ఒక్కసారి దూరం జరిపితే పోగు తెగిందని. బొటనవేలు మూతి కాడికి పోతే చాయ్ వచ్చిందని. మీసం దువ్వితే ఆసామి, అంటే షెడ్డు యజమాని, వస్తుండని. మనిషికొక గుర్తు కూడా ఉండేది. నాకు బుగ్గ మీద వేలు. చిన్నప్పుడు నా బుగ్గలు మనిషి కంటె ముందు నడిచేవట.

ఇట్లాంటి ఇంట్లో ఒక పిలగానికి చెవులు వినపడవని ఎవరికి తెలుస్తది? అన్నం అని చేత్తో చూపెడితే ఉరికొచ్చేటోణ్ని. స్నానం అంటే ఉరికి పోయేటోణ్ని. పిలిస్తే పలకకపోతే, ఈ చప్పుడులో ఎవరు మాత్రం పలుకుతరు అనుకునేటోళ్లు. నోరు విప్పకపోతే నాయనమ్మ దాన్ని కూడా గొప్పతనం కిందనే లెక్కేసింది. అరుగు మీద బీడీలు చేసుకునే ఆడోళ్లతో, మా మనుమడు మంది పిల్లల తీరుగ వాగడు, అంతా తాత పోలిక అని చెప్పుకునేది. తాత ఎందుకు మాట్లాడకపోయేదో అరుగు మీది వాళ్లందరికీ తెలుసు. నాయనమ్మ ఆయనకు సందు ఇచ్చేది కాదు.

దాగుడుమూతల ఆటలో మా వాడకట్టులో నన్ను మించినోడు లేకుండె. ఒకసారి కండెల గంపలో దాక్కుంటే, ఆట అయిపోయిందని పిల్లలంతా అరిచి, వెతికి, విసుగొచ్చి ఇండ్లకు పోయినా నేను మాత్రం గెలుస్తూనే ఉన్న. పొద్దు గూకినంక అవ్వ గంప ఎత్తబోతే బరువైంది.

నాకు నాలుగేండ్లు నిండినంక బతుకమ్మ పండుగకు అవ్వ నన్ను తీసుకొని నస్పూర్‌లోని తల్లిగారింటికి పోయింది. మా మేనమామ అక్కడ బొగ్గుబాయిలో పని చేసేటోడు. ఆ ఇంట్లో సాంచలు లేవు. నేల కదలకపోతే నాకు నడక రానట్టయింది. సద్దుల నాడు వాకిట్లో తంగేడు పువ్వు, గునుగు పువ్వు, బంతి కుప్పలు పోసి అందరూ బతుకమ్మ పేరుస్తుంటే, నేను గోడకు ఆనుకొని నెయ్యి కారే మలీద ముద్దలు తింటున్న. అప్పుడు బాయి సైరన్ మోగింది. షిఫ్టు మారేటప్పుడు మోగే ఆ సైరన్‌కు కొత్తోళ్లు ఎవ్వరైనా ఎగిరిపడతరు. పక్కింటి కుక్క మెడ ఎత్తి అందుకుంది, కోళ్లు చెదిరినయి, ఉయ్యాలలో పిల్ల ఏడుపు ఎత్తుకుంది, అవ్వ చేతిలో తంగేడు కట్ట కింద పడింది. నేను రెండో ముద్ద అందుకున్న.

మామ చూసిండు. నా వెనుకకు వచ్చి పళ్లెం మీద గంటెతో కొట్టిండు. నేను నమలుడు ఆపలే.

పండుగకని వెనుక బస్సుకు వచ్చిన బాపుతో, "బావా, గీ పిలగానికి ఇనవడ్తలేదే" అన్నడు.

"సాంచల కాడ పుట్టినోనికి మీ సైరన్ ఒక లెక్కనా?" అన్నడు బాపు.

అవ్వ నా వెనుక నిలబడి నా పేరు పిలిచిందట. చానాసేపు పిలిచిందట. నేను పళ్లెం ఖాళీ చేసి, చెయ్యి నాకి, ఇంకొంచెం కావాలని వెనక్కి తిరిగేటప్పటికి అందరూ నా దిక్కే చూస్తుండ్రు. అంత పెద్ద నేరం ఏం చేసిన్నో అర్థం కాలే. మలీద చానా తిన్నందుకే అనుకున్న.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు చూసిండు. పుట్టుకతోనే ఉంది, సాంచలతో వచ్చింది కాదు అన్నడట. చప్పుడు పాపం తనదేనని దారి పొడుగునా నీళ్లు కూడా తాగని బాపు ఆ మాటతో కుదుటపడ్డడు. అయితే డాక్టరు అడిగిన ప్రతి దానికీ బాపు ఊరికె తలకాయ ఊపుతుంటే ఆయనకు అనుమానం వచ్చి, అదే రోజు బాపును కూడా కూచోబెట్టి పరీక్ష చేసిండు. పదిహేనేండ్లు సాంచల నడుమ ఉన్న బాపు చెవులు కూడా సగమే పని చేస్తున్నయట. ఒక్క రోగి కోసం పోయి ఇద్దరమై వచ్చినం.

నా పేరు వేణు. పెట్టేటప్పుడు ఎవ్వరికీ తెల్వదు. తెలిసినంక మారుద్దామంటే అప్పటికే రేషను కార్డులో పడిపోయింది.

చెవి మిషన్ వచ్చిన రోజు గురించి మీరు వేరే తీరుగ ఊహించుకుంటరని నాకు తెలుసు. పిలగాడు మొదటిసారి తల్లి గొంతు వింటడు, కండ్లు విప్పార్చుకుంటడు, అందరూ ఏడుస్తరు. అవ్వ కూడా అట్లనే ఊహించుకొని తలంటు పోసి, కొత్త అంగీ తొడిగి, దేవుని పటం ముందట కూచోబెట్టి మిషన్ పెట్టింది. దేవుని పటం షెడ్డు గోడకే ఉండె. నేను మొదటిసారి విన్నది తల్లి గొంతు కాదు, గోడ అవతలి సాంచలన్నిటిని ఒక్కపారి. మిషన్ పీకి గంజి బకెట్లో ఏసిన. ఏడ్చిన మాట మాత్రం నిజమే, అందరం ఏడ్చినం.

మిషన్ బాగై వచ్చేటప్పటికి అవ్వకు రెండు సంగతులు తెలిసినయి. ఒకటి, సాంచలు నడిచినంతసేపు ఈ మిషన్ నాకు శిక్షే తప్ప చెవి కాదు. రెండోది, బడి. మా గల్లీ చివర చిన్న ప్రైవేటు బడి ఉండె. ఆ హెడ్‌సారు, ఇట్లాంటి పిల్లలకు పట్నంలో హాస్టలుతో సహా మంచి బడి ఉన్నది, అక్కడ వేయండి అన్నడు. ఆయన చెప్పింది తప్పు కాదు. ఆ బడిలో చదివిన దోస్తులు ఇప్పుడు నాకు ఉన్నరు, నా కంటె బాగనే ఉన్నరు. గని అవ్వకు నన్ను చూడకుండ ముద్ద దిగదు. ఆమె ఆ గడప కాడనే నిలబడింది. చివరికి సారు ఒక మాట ఇచ్చిండు: బడి తెరిచే ముందు తీసుకరండి, నేను అడిగిన దానికి నోటితో జవాబు చెప్తే ఇక్కడనే కూచోబెట్టుకుంట, లేకుంటె పట్నం. అప్పటికి నేను నోటితో చెప్పగలిగిన మాట ఒక్కటి కూడా లేదు. నడుమ ఉన్నది ఒక్క ఎండాకాలం.

చప్పుడు ఆగితే తప్ప మాట నేర్పరాదు. చప్పుడు ఆగాల్నంటే కరెంటు పోవాలె. ఆ రోజుల్లో మా దిక్కు కరెంటు పోవటానికి పెద్దగా బతిమాలించుకునేది కాదు. పొద్దున ఒకసారి, మాపటిపూట ఒకసారి ఠంచనుగా పోయేది, బుద్ధి పుడితే నడుమ కూడా పోయేది. పోయిన మరుక్షణం ఊరు ఊరంతా గొంతు నొక్కినట్టు గమ్మునైపోయేది. ఫ్యాన్లు ఆగేవి, గిన్నెలు నడక ఆపేవి, గల్లీలో మగోళ్లంతా బనీన్ల మీద బయటకొచ్చి కరెంటోళ్లను, వాళ్ల ఏడు తరాలను తిట్టేటోళ్లు, కూలి తెగుతది కనుక. మా అవ్వ మాత్రం కండె అక్కడ పడేసి, నన్ను చంకలేసుకొని, అరుగు మీదికి ఉరికొచ్చి మిషన్ పెట్టేది. ముఖంలో సంతోషం కనబడకుండ కొంగు అడ్డం పెట్టుకునేది. బాపు పరేషాన్ వేరు. కరెంటు ఉంటే కూలి వస్తది, పోతే కొడుక్కు మాట వస్తది; ఆయన ఏ దేవునికి ఏమని మొక్కాల్నో తెల్వక రెండు దిక్కుల మొక్కేటోడు.

అవ్వ నా చెయ్యి తన గొంతు మీద పెట్టుకొని "బువ్వ" అనేది. నా గొంతు మీద పెట్టి అనుమనేది. నేను ఏదో ఒకటి అనేటోణ్ని. అది బర్రెకు అర్థమయ్యేది. కొన్నాళ్లకు గల్లీ వాళ్లకు తిట్లు అయిపోయినయి. ఎంతసేపని తిడతరు? పని లేక ఒక్కొక్కలే వచ్చి మా అరుగు చుట్టు కూచునుడు మొదలుపెట్టిండ్రు. వచ్చినోడు ఊకుంటడా, తలా ఒక మాట నేర్పిండ్రు. సాంచలు మరమ్మతు చేసే ఖలీల్ చాచ జేబులోంచి పల్లిపట్టి తీసి, అవ్వకు తెలుగు వచ్చు కాబట్టి తన వంతు ఉర్దూ అని తీర్మానించి, "బోలో బేటా, పానీ" అనేటోడు. బీడీల ఆడోళ్లు వాళ్లకు చేతికందిన మాటలు నేర్పిండ్రు: ఆకు, దారం, కత్తెర, అత్త. చివరి మాట వాళ్లు ఏ మొఖంతో నేర్పిండ్రో అదే మొఖంతో నేను నేర్చుకున్న. ఒకరు పచ్చి మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం రాసి, మాట చెప్తేనే ముక్క అనేటోళ్లు. ఇంకొకరు తాటిముంజ చూపించి ఊరించేటోళ్లు. నాయనమ్మ సర్వపిండి అంచు తుంచి నోట్లో పెట్టి, నోరు నిండినంక మాట్లాడమనేది. నేను రోజుకు ఇంత లావైతున్న గని మాట మాత్రం రాలే.

మొదటి మాట "అవ్వ" అనే వస్తదని అవ్వ నమ్మకం. ఎట్ల రాదు, కడుపు తీపి అని నాయనమ్మ. ఒకనాడు మాపటిపూట, నా చెయ్యి అవ్వ గొంతు మీద ఉండంగనే, కరెంటొచ్చింది. కరెంటు వస్తే గల్లీ అంతా ఒక్కటే మాట అరుస్తది, ముసలోళ్ల నుంచి చంటిపిల్లల దాక, తలకాయలెత్తి, నోరంతా తెరిచి. అంత మంది ఒక్కసారి, ఒక్క తీరుగ, నా కండ్ల ముందట రోజుకు రెండుసార్లు చెప్పిన మాట అదొక్కటే.

"వచ్చె" అన్న నేను.

అవ్వ నా మొఖం చూసింది. మళ్ల అన్న. సరిగ్గ అప్పుడే సాంచలు లేచినయి కాబట్టి నా మొదటి మాటను ఊరిలో ఎవ్వరూ వినలే, చూసిండ్రంతే. అవ్వ నవ్వుకుంట ఏడ్చింది. బాపు షెడ్డు దిక్కు ఉరకబోయి, వెనక్కి వచ్చి, నన్ను ఎత్తి, దించి, మళ్ల ఉరికిండు; ఆసామి మీసం దువ్వుకుంట దర్వాజ కాడ నిలబడి ఉన్నడు మరి. ఆ తర్వాత వారం దాక నాకు ప్రతిదీ వచ్చె. వాన వచ్చె, పాలాయన వచ్చె, దగ్గు వచ్చె. ఎండాకాలం అయిపోయేటప్పటికి బువ్వ, నీళ్లు, బీడి, పానీ, అత్త, వద్దు, నా పేరు, బాపు పేరు, కావాలె అనే మాట, ఇంకా కొన్ని నోటికొచ్చినయి. అవ్వ అనే మాట కూడా వచ్చింది, వాటి తర్వాత, వరుసలో.

ఇగ పరీక్ష. అవ్వ తెలివైన మనిషి. హెడ్‌సారును పొద్దటి కరెంటు పోయే టైముకే వస్తమని అడిగి ఒప్పించింది, పనికి పోవాలె సారూ అని ఒక అబద్ధం కలిపి. బడి వెనుక గోడకు కూడా షెడ్డే కద, మా ఊరిలో ఏ గోడ వెనుకైనా అదే. ఎండాకాలం అంతా ఒక్కనాడు తప్పకుండ పోయిన కరెంటు ఆ నాడు పోలే. సారు నెత్తి మీద ఫ్యాను గిరగిర తిరుగుతుండె. అవ్వ సారు కంటె ఎక్కువ ఆ ఫ్యానునే దండం పెట్టే తీరుగ చూసింది. కరెంటు పోయినంక అడుగుతరా సార్ అని బతిమాలింది. బడి కరెంటును బట్టి నడవదమ్మా అని, పక్కన ఉంటే మీరే చెప్తరని, ఇద్దరినీ బయట నిలబడమన్నడు. బాపు దర్వాజ కాడ, తన ఒక్క తెల్లంగీలో, నెత్తికి నూనె పెట్టుకొని నిలబడ్డడు. అవ్వ చుట్టు తిరిగి పోయి సారు వెనుక కిటికీ కాడ నిలబడింది.

సారు అడిగిండు. మిషన్‌లో నాకు సాంచలు తప్ప ఏమీ రాలే. పెదవులు చూద్దామంటే సారు మీసం గుబురుగ కింది పెదవి దాక కాపురం పెట్టింది. మళ్ల అడిగిండు. నేను దర్వాజ దిక్కు చూసిన. బాపు అన్నిటికీ తలకాయ ఊపుతుండు. అప్పుడు కిటికీలో అవ్వ వేలు బుగ్గ మీదికి పోయింది.

"వేణు" అన్న.

సారు తల పంకించి ఇంకొకటి అడిగిండు. కిటికీలో అవ్వ చెయ్యి గాలిలో సాంచ నడిపి, దర్వాజ దిక్కు చూపెట్టింది. బాపు సాంచలు నడుపుతడని చెప్పిన, సగం మాటలతో, సగం ఉమ్మితో. సారు నా కండ్లు ఎటు పోతున్నయో చూసిండు. కుర్చీలో మెల్లగ వెనక్కి తిరిగిండు. చువ్వల నడుమ అవ్వ చెయ్యి లేచినది లేచినట్టే ఆగిపోయింది.

"నేను జవాబు చెప్తలేను సార్" అన్నది అవ్వ. "మీరు అడిగిందే అడుగుతున్న."

ఈ మాట నాకు అప్పుడు వినపడలే, తర్వాత అవ్వ చెప్పంగ తెలిసింది. సారు నా దిక్కు తిరిగి కూచున్నడు. చాయ్ కప్పు పక్కకు జరిపిండు. అంతదాక బల్ల మీద కట్టుకొని ఉన్న రెండు చేతులు ఎత్తి, పిడికిళ్లు దగ్గర పెట్టి, ఒక్కసారి దూరం జరిపి, కనుబొమ్మలు ఎగరేసిండు. పోగు తెగింది, ఏం చెయ్యాలె?

నాకు ప్రాణం లేచొచ్చింది. "బంద్ చెయ్యాలె. ముడెయ్యాలె" అన్న.

ఆయన మీసం కదిలింది. వాళ్ల బాపు కూడా మా గల్లీలోనే సాంచలు నడిపి నడిపి పోయినోడట. సారు చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో మాట్లాడిందంతా ఈ తీరుగనేనట. ఆయన బొటనవేలు మూతి కాడికి పోతే, తాగుత, బిస్కటు కూడా కావాలె అన్న. ఇగ ఆయనకు హుషారొచ్చింది. మీసం దువ్విండు. ఆసామి వస్తుండు, ఏం చెయ్యాలె?

సరిగ్గ అప్పుడు పోయింది కరెంటు. పొద్దటి నుంచి బతిమాలినప్పుడు పోక అప్పుడు పోయింది. ఫ్యాను ఆగింది, సాంచలు ఆగినయి, ఊరంతా గమ్మునైంది. నా గొంతు ఎంతుండాల్నో నాకెప్పుడూ తెల్వదు కనుక, ఆ నిశ్శబ్దంలో, పక్క గదులల్ల పంతుళ్లు కూడా వినేటట్టు చెప్పిన:

"బీడి ఆర్పాలె."

దర్వాజ కాడ బాపు మొఖం తెల్లంగీ కంటె తెల్లగైంది. హెడ్‌సారు బల్ల మీదికి వంగి నవ్విండు. కిటికీలో అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం జవాబు తప్పేమో అని, ఇంకొంచెం గట్టిగ మళ్ల చెప్పిన.

బడి తెరిచిన నాడు నన్ను మొదటి బల్ల మీద కూచోబెట్టిండు. ఆయన మీసం అప్పటికి పెదవులు కనబడేటట్టు కత్తిరించి ఉన్నది. ఎండలకని పంతుళ్లతో చెప్పిండట. అప్పటికి ఎండలు పోయి వానలు పడుతున్నయి.

బడి ముచ్చట పెద్దగ లేదు. పిల్లల చెవులు పెరుగుతయి కనుక చెవిలో పెట్టే అచ్చు వదులైతది, వదులైతే మిషన్ సన్నగ ఈల వేస్తది. ఆ ఈల క్లాసులో అందరికీ వినపడేది, నాకు తప్ప. లెక్కల సారు ఈల వేసినోన్ని పట్టుకోవాలని వెనుక బల్ల వాళ్లందరినీ నెలంతా గోడకుర్చీ వేయించిండు. నేను జాలిగ చూస్తూ కూచునేటోణ్ని. దానికి బదులుగ వాళ్లు నా దగ్గర షెడ్డు సైగలు నేర్చుకున్నరు, ఇంకా కొత్తవి కలిపిండ్రు, పరీక్షలల్ల ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జవాబులు గాలిలో పంపించుకున్నరు. పరీక్ష హాలులో తిరిగేది హెడ్‌సారేనన్న సంగతి ఎవ్వరూ ఆలోచించలే. ఆయన వెనుక నుంచి సైగతోనే ఒకనికి తప్పు జవాబు పంపిండు. దాన్ని క్లాసు సగం రాసింది.

ఇప్పుడు సిరిసిల్లలో కరెంటు పోదు. మంచిదే, కూలి తెగదు. అరుగుల మీద ఎవ్వరూ కూచోరు. అరుగులు కూడా మురుగునీళ్ల మోరీలు కట్టేటప్పుడు సగం పోయినయి. ఖలీల్ చాచ కొడుకు దగ్గరికి నిజామాబాద్ పోయిండు. మా షెడ్డులో సగం సాంచలు పాత ఇనుముకు పోతే, మిగిలిన వాటి కాడ బీహార్ నుంచి వచ్చిన పిల్లలు చెవులల్ల పాటలు పెట్టుకొని పని చేస్తరు, ఏమన్న చెప్పాల్నంటే ఫోన్లో మెసేజి కొడతరు. మీసం దువ్వే సైగ వాళ్లకు తెల్వదు. ఇప్పటి ఆసామికి మీసం కూడా లేదు. నాయనమ్మ పోయింది, సర్వపిండి రుచి ఆమెతోనే పోయిందని రాయాలనిపిస్తది గని, అవ్వ చేసేదే ఎక్కువ బాగుంటది. బాపుకు నేను మిషన్ కొనిపెట్టిన. అది భద్రంగ ఉన్నది, బీరువాలో.

నన్ను పంపకుండ ఉండటానికి అవ్వ అంత తండ్లాడింది గద, ఆఖరికి నేనే కొలువుకని కరీంనగర్ వచ్చిన. బస్సులో గంట దూరం. మొన్న ఎండాకాలం ఇంటికి పోయి తిరిగి వస్తుంటే అవ్వ బస్టాండు దాక వచ్చింది. బస్సు కిటికీ అద్దం బిగుసుకపోయి రాలే. ప్లాట్‌ఫారం మీద అందరూ లోపలి తమ వాళ్లకు అరిచి అరిచి చెప్తుండ్రు, లోపలోళ్లు చెవులు అద్దానికి ఆనించి ఆఁ, ఆఁ అంటుండ్రు. అవ్వ అరవలే. చేతులెత్తింది. చానాసేపు చెప్పింది, మొఖమంతా కండ్లు చేసుకొని, ఒక్కొక్కటి నాకు అందిందా లేదా చూసుకుంట. నేను కూడా చేతులెత్తి సరే అన్న. పక్క సీటులో కూచున్న పెద్దమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొంగుతో కండ్లు ఒత్తుకుంది. బస్సు కదిలి గేటు దాటినంక నా భుజం తట్టి, మొఖం నా దిక్కు పెట్టి మెల్లగ అడిగింది.

"ఏమంటుంది బిడ్డా, మీ అవ్వ?"

"మామిడికాయ తొక్కు డబ్బా స్టీలుదట. మూతతోని వాపసు తేవాల్నట" అన్న.

డబ్బా రెండు కిలోలది. మూత కొంచెం వదులు కనుక నిటారుగనే పెట్టాలె.